ఉర్లగడ్డ ఆకుల మచ్చలు, ముడతలు: మందు కొట్టే ముందు ఏ ఆకో చూడండి

మీరు అడిగింది ముందు ఒకసారి నా మాటల్లో చెప్పుకుంటాను. తిరుపతిలో మిద్దె మీద గ్రో బ్యాగుల్లో, వంటింట్లో మొలకలొచ్చిన ఉర్లగడ్డల్నే కార్తీక మాసంలో నాటారు. సంక్రాంతి దాకా చెట్లు బాగానే వచ్చాయి. ఇప్పుడు కింది ఆకుల మీద గోధుమరంగు మచ్చలున్నాయి, కొన్నింటికి అంచులు మాడుతున్నాయి. రెండు మూడు చెట్లకు చిగురాకులు ముడుచుకుని చిన్నవైపోయాయి. ఒక బ్యాగులో చెట్టు పచ్చగా ఉండగానే వాలిపోయింది. పక్కింటివాళ్లు "ఇది బ్లైట్, అన్నీ పీకేయండి" అన్నారు. మందుల అంగడిలో ఒక పొడి, ఒక సీసా ఇచ్చి రెండూ కలిపి కొట్టమన్నారు. కొట్టాలా, పీకాలా, ఆ గడ్డలు తినొచ్చా అని మీ సందేహం.

ఇప్పటికైతే అన్నీ పీకొద్దు, ఆ రెండూ కలిపి కొట్టొద్దు. మీరు చెప్పింది ఒక్క జబ్బు కాదు, అందులో కనీసం మూడు వేర్వేరు సంగతులున్నాయి. ఒకదానికి కొట్టే మందు ఇంకోదాన్ని పెంచుతుంది కూడా.

పలమనేరు, వి.కోట వైపు ఉర్లగడ్డ మడుల్లో ముసలి రైతు ఎవరినైనా గమనించండి. చెట్టు దగ్గరికి పోగానే మచ్చను చూడడు. ముందు నిలబడి చెట్టంతా చూస్తాడు, తర్వాత వంగి కింది ఆకు తిప్పి చూస్తాడు. మచ్చ రంగు, ఆకారం తర్వాత. అది ఏ ఆకు మీద మొదలైందన్నదే అసలు ఆనవాలు. ఎందుకంటే నత్రజని, పొటాష్, మెగ్నీషియం కొరత పడితే చెట్టు వాటిని ముదురాకుల్లోంచి లాగి చిగురుకు పంపుతుంది. అందుకే కింది ఆకులు ముందు పాలిపోతాయి. ఇనుము అలా కదలదు, కాబట్టి దాని కొరత చిగురులోనే కనిపిస్తుంది. రసం పీల్చే పురుగులకు లేత ఆకు కావాలి, అవి పైనుంచే మొదలుపెడతాయి. నీళ్లలోని ఉప్పు ముదురాకుల్లో పేరుకుంటుంది. ముదురాకును పట్టే శిలీంధ్రం వేరు, లేత ముదురు చూడకుండా అన్నింటినీ కాల్చే తెగులు వేరు.

ఇంకోమాట. మధ్యాహ్నం చూసి ఏదీ తేల్చొద్దు. మన ఊరి ఎండకు, సిమెంటు మిద్దె వేడికి, ఉర్లగడ్డ ఆకు రెండు వైపులా పైకి దొన్నెలా లేచి నిలబడుతుంది. పొద్దున ఆరున్నరకు చూస్తే మళ్లీ చదునుగా ఉంటుంది. అది జబ్బు కాదు, నీళ్లు ఆవిరైపోకుండా చెట్టు చేసుకునే ఏర్పాటు. పొద్దున కూడా ముడుచుకునే ఉంటేనే పట్టించుకోండి.

పక్కింటివాళ్లు భయపెట్టిన బ్లైట్ సంగతి ముందు తేలుద్దాం. ఉర్లగడ్డకు ఆ పేరుతో రెండు జబ్బులున్నాయి. రెండింటికీ కారణాలు వేరు, వాతావరణం వేరు. చెట్లన్నీ వారంలో తుడిచిపెట్టేది లేట్ బ్లైట్, మన పుస్తకాల్లో ఆలస్యంగా వచ్చే ఆకుమాడు తెగులు అని రాస్తారు. 1845లో ఐర్లాండు కరువుకు కారణమైంది ఇదే. దీనికి చల్లదనం, తడి రెండూ కావాలి. రాత్రుళ్లు పది నుంచి ఇరవై డిగ్రీల మధ్య ఉండి, గంటల తరబడి ఆకు తడిగా ఉండి, గాలిలో తేమ తొంభై శాతం దాటితే చెలరేగుతుంది. పలమనేరు, కుప్పం వైపు మెట్ట ఎత్తు మీద ఉంటాయి కాబట్టి ముసురు పట్టినప్పుడు, మంచు కురిసినప్పుడు అక్కడి రైతుకు ఇది నిజమైన భయమే. టమాటాకూ ఇదే వస్తుంది. తిరుపతి కొండ కింద ఉంది. ఇక్కడ మిద్దెల మీద నేను దీన్ని చూసింది అరుదు. వాయుగుండం వచ్చి వారం రోజులు సూర్యుడు కనపడకపోతే అప్పుడు అనుమానించాలి.

పోల్చుకోవడం కష్టం కాదు. లేట్ బ్లైట్ మచ్చ ఆకు కొసన గానీ అంచున గానీ, వేడినీళ్లు పడి ఉడికినట్టు నల్లపచ్చగా మొదలవుతుంది. ఈనెలు అడ్డొస్తే ఆగదు, దాటిపోతుంది. మచ్చ చుట్టూ లేతపచ్చ అంచు ఉంటుంది. తెల్లవారుజామున ఆకు వెనక్కి తిప్పితే ఆ అంచు వెంబడి తెల్లటి సన్నని బూజు కనిపిస్తుంది, ఎండ పడ్డాక మాయమవుతుంది. కాడల మీద కూడా నల్లటి చారలు వస్తాయి. ఇవన్నీ ఉంటే పక్కింటివాళ్లు చెప్పింది నిజమే, ఆ చెట్లను కోసి సంచిలో కట్టి పారేయండి. టమాటా కుండీలను కూడా చూసుకోండి.

మీరు వర్ణించిన మచ్చలు అలా లేవు. కింది ఆకులకే ఉన్నాయి, పొడిగా, గోధుమరంగులో ఉన్నాయి, ఆకు పసుపుబారుతోంది. ఒక మచ్చను దగ్గరగా చూడండి. లోపల ఒకదాని చుట్టూ ఒకటిగా వలయాలు కనిపిస్తున్నాయా? మచ్చ పెద్ద ఈనె దగ్గర ఆగిపోయి మూలలు తేలిందా? అయితే అది ఎర్లీ బ్లైట్, ముందుగా వచ్చే ఆకుమాడు తెగులు. ఆల్టర్నేరియా అనే శిలీంధ్రం వల్ల వస్తుంది. దానికి మన వాతావరణమే ఇష్టం: ఇరవై నాలుగు నుంచి ముప్పై డిగ్రీల వేడి, రాత్రి మంచు, పగలు ఎండ. కార్తీకంలో వానలు పడి ఆ తర్వాత పొడి వాతావరణం వచ్చిన ఏడు, ఇది రాని మిద్దె తోట ఉండదు. ఆకలిగొన్న చెట్టును, ముదిరిన చెట్టును ముందు పడుతుంది. నత్రజని తగ్గిన చెట్టుకు ఎక్కువ.

మీ చెట్ల వయసు రెండు నెలలు దాటింది. ఈ వయసులో కింద నాలుగైదు ఆకులకు ఎర్లీ బ్లైట్ వస్తే గడ్డకు పెద్ద నష్టం లేదు. మచ్చలున్న ఆకుల్ని చేత్తో తుంచి కవర్లో వేసి చెత్తబండికి ఇవ్వండి, కంపోస్టు తొట్టిలో వేయొద్దు. నీళ్లు పొద్దున పూట, మొదట్లోనే పోయండి. పైపుతో చెట్టు మీద కొట్టే అలవాటు ఉంటే మానేయండి. మట్టి చిందినప్పుడు దాంట్లోని శిలీంధ్రం కింది ఆకులకు అంటుకుంటుంది, కాబట్టి బ్యాగు పైన ఎండాకులో, వేరుశనగ పొట్టో పరచండి. ఇంత చేసినా మచ్చలు చెట్టు మధ్యకు ఎక్కుతుంటే అప్పుడు మాంకోజెబ్ లీటరుకు రెండున్నర గ్రాములు కలిపి సాయంత్రం పూట ఆకుల రెండు వైపులా తడిసేలా కొట్టండి. అది వచ్చిన మచ్చను పోగొట్టదు, రాని ఆకును కాపాడుతుంది. రసాయనం వద్దనుకుంటే కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు మూడు గ్రాములు అంటారు కొందరు. అదీ రసాయనమే, రాగిది.

వలయాలు లేకుండా అంచులు మాత్రమే కాగితం కాలినట్టు ఎండిపోయిన ఆకులు మీ వాటిలో కొన్ని ఉన్నాయి కదా, వాటి సంగతి వేరు. బ్యాగు అంచున, మట్టి పైన తెల్లటి పొర పేరుకుందా చూడండి. తిరుపతిలో చాలా ఇళ్లలో బోరు నీళ్లు ఉప్పగా, కటికగా ఉంటాయి. రోజూ కొంచెం కొంచెం పోస్తుంటే నీళ్లు ఆవిరై ఉప్పు బ్యాగులోనే మిగులుతుంది. దానికి తోడు ఆర్వో యంత్రం వదిలే నీళ్లను "వృథా ఎందుకు" అని చెట్లకు పోస్తారు. ఆ నీళ్లలో బోరు నీళ్ల కంటే ఉప్పు ఎక్కువ. గచ్చు కడుక్కోండి, ఉర్లగడ్డకు పోయొద్దు. ఏసీ నుంచి కారే నీళ్లు, పట్టి పెట్టిన వాననీళ్లు మేలు. కడగని కొబ్బరిపొట్టులోనూ ఉప్పు ఉంటుంది.

దీనికి మందు అక్కర్లేదు. మంచినీళ్లు దొరికిన రోజు బ్యాగు అడుగునుంచి ధారగా కారేదాకా, ఒకటికి రెండుసార్లు పోయండి. ఉప్పు కిందికి కొట్టుకుపోతుంది. అడుగున రంధ్రాలు మూసుకుపోయి ఉంటే ముందు అవి తెరవండి. నీళ్లు నిలిచిన బ్యాగులో వేరు ఊపిరాడక చస్తుంది. అప్పుడు ఆకులు పసుపుబారి వాలతాయి, మనం దాహం అనుకుని ఇంకా పోస్తాం.

అంచు మాడటం పొటాష్ కొరత వల్ల కూడా వస్తుంది. తేడా ఏమిటంటే అప్పుడు ఆకు పైభాగం ముందు కంచురంగు తిరిగి ముడతలు పడుతుంది, తర్వాత అంచు ఎండుతుంది, మట్టి మీద తెల్లపొర ఉండదు. గడ్డ ఊరే వయసులో ఉర్లగడ్డ పొటాష్‌ను బాగా లాగేస్తుంది. పదమూడు-సున్నా-నలభై ఐదు ఎరువు (పొటాషియం నైట్రేట్) లీటరు నీళ్లకు పది గ్రాములు కలిపి ఆకుల మీద ఒకటి రెండుసార్లు కొట్టొచ్చు. కట్టెల పొయ్యి బూడిద వేయమని చెప్పేవాళ్లుంటారు. మన నీళ్లే సున్నపు నీళ్లయినప్పుడు బూడిద వేస్తే మట్టి ఇంకా క్షారమై ఇనుము అందక చిగురు తెల్లబోతుంది. చిగురాకు పసుపుబారి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము లోపం. అన్నభేది ఐదు గ్రాములు, నిమ్మ ఉప్పు ఒక గ్రాము లీటరుకు కలిపి చల్లపొద్దున కొట్టండి. అదే పసుపు, పచ్చ ఈనెలు ముదురాకుల్లో కనిపిస్తే మెగ్నీషియం.

ఇప్పుడు చిగురు ముడత. నాకు ఎక్కువ ఆలోచన పెట్టింది ఇదే, ఎందుకంటే మీకు అంగడిలో ఇచ్చిన సీసా దీనికే అయ్యుంటుంది.

మిరప పండించే వాళ్లకు పై ముడత, కింది ముడత అంటే ఏమిటో తెలుసు. ఆకు అంచులు పైకి లేచి పడవలా ఉంటే తామర పురుగు. అంచులు కిందికి వంగి బోర్లించినట్టు ఉంటే తెల్లనల్లి. ఉర్లగడ్డలోనూ ఈ లెక్క చాలావరకు పనికొస్తుంది. మీరు "ఆకు గట్టిగా, కిందికి ఒంగి, సన్నగా" అని రాశారు. వెనక్కి తిప్పి చూడండి. నూనె పూసినట్టు మెరుస్తూ కంచురంగులో ఉంటే తెల్లనల్లి అనే చెప్తాను. అది కంటికి కనిపించదు, పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం కావాలి. పక్కనే మిరప కుండీలు ఉన్నాయా? అవీ కింది ముడతలో ఉంటే ఇక అనుమానం లేదు. తెల్లదోమ కాళ్లు పట్టుకుని ఈ నల్లి ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు పోతుంది, అంత చిన్నది.

నల్లి పురుగు జాతి కాదు, సాలెపురుగుల బంధువు. పురుగుమందు సీసాలు చాలావాటికి చావదు. అంతేకాదు, సింథటిక్ పైరెత్రాయిడ్ రకం మందు కొడితే నల్లిని తినే మిత్రజీవులు చచ్చి నల్లి రెట్టింపు అవుతుంది. సీసా మీద పేరు చివర "మెత్రిన్" అని ఉందేమో చూడండి, ఉంటే మూత తీయొద్దు. ముందు బాగా ముడుచుకున్న చిగుళ్లను గిల్లి తీసేయండి. తర్వాత నీళ్లలో కరిగే గంధకం లీటరుకు మూడు గ్రాములు, ఎండ తగ్గాక, ఆకు అడుగుభాగం తడిసేలా కొట్టండి. వారం తర్వాత ఇంకోసారి. మధ్యాహ్నపు ఎండలో కొడితే ఆకు మాడుతుంది. వేపనూనె కొట్టి రెండు వారాలు కాకుండా గంధకం కొట్టినా మాడుతుంది. మీరు ఇప్పటికే వేపనూనె కొట్టి ఉంటే అదే కొనసాగించండి: లీటరుకు ఐదు మిల్లీలీటర్లు, కొంచెం సబ్బునీళ్లతో బాగా గిలక్కొట్టి.

అయితే ముడతలన్నీ నల్లి కాదు. చిగురు చిన్నదై, పసుపు పచ్చ కలిసిపోయి, చెట్టు గిడసబారితే తెల్లదోమ మోసుకొచ్చే ఆకుముడత వైరస్ కావొచ్చు. ఆకులో లేతపచ్చ ముదురుపచ్చ మచ్చలు అల్లుకుని, ఉబ్బెత్తుగా గరుకుగా ఉంటే మొజాయిక్. కింది ఆకులు గొట్టంలా పైకి చుట్టుకుని, తోలులా బిగుసుకుని, చెయ్యి పోనిస్తే ఎండాకులా గలగలమంటే లీఫ్ రోల్. ఈ రెండూ పేనుబంకతో వ్యాపిస్తాయి. కింది ఆకుల్నుంచే మొదలైతే వైరస్ మీరు నాటిన గడ్డలోనే ఉందని అర్థం. తినడానికి అమ్మే గడ్డకు ఆ పరీక్ష ఎవరూ చేయరు. మన జిల్లాలో చెనిక్కాయ చేలలో మొవ్వుకుళ్లు తెచ్చే వైరస్ కూడా తామర పురుగుల ద్వారా ఉర్లగడ్డకు వస్తుంది. అప్పుడు కాడ మీద నల్లచారలు పడి మొవ్వు ఎండుతుంది. వైరస్ దేనికీ మందు లేదు. ఒకటి రెండు చెట్లే ఉంటే పీకేయడం మేలు. వైరస్‌ను మోసే తెల్లదోమకు పసుపు జిగురు అట్టలు కట్టాలి, పేనుబంకకు వేపనూనె చాలు.

వాలిపోయిన చెట్టు సంగతి వాయిదా వేయొద్దు. మట్టి తడిగానే ఉంది, ఆకు పచ్చగానే ఉంది, అయినా వాలింది, రాత్రికీ తేరుకోలేదు అంటే బాక్టీరియా ఎండు తెగులు అనుమానం. ఇంట్లోనే పరీక్ష ఉంది. కాడను మొదట్లో రెండు మూడు అంగుళాల ముక్క కోసి, తేటనీళ్లున్న గాజు గ్లాసులో కోసిన వైపు నీళ్లలో మునిగేలా వేలాడదీయండి. కదపకుండా ఐదు పది నిమిషాలు చూడండి. కోత నుంచి పాలదారంలాంటి తెల్లటి పోగులు కిందికి జారితే అదే. గడ్డ కోస్తే లోపల గోధుమరంగు వలయం, నొక్కితే జిగురు వస్తాయి. దీనికి మందులేదు. ఎవరు ఏ పొడి అమ్మినా కొనొద్దు. చెట్టును, బ్యాగులోని మట్టిని కలిపి తోటకు దూరంగా పారేయండి. ఆ మట్టిలో టమాటా, వంగ, మిరప ఏదీ పెట్టొద్దు, అన్నింటికీ ఇదే వస్తుంది. కత్తి, కత్తెర మంటలో కాల్చి వాడండి. ఆ బ్యాగు నుంచి కారిన నీళ్లు పక్క బ్యాగులోకి పోకుండా చూడండి.

పోగులు రాకపోతే కాడ అడుగున పురుగు కొరికిందా, వేరు కుళ్లిందా చూడండి. మిద్దె మీద సగం కేసులు నీళ్లు నిలిచి వేరు కుళ్లినవే.

మిగతావి త్వరగా చెప్తాను. ఆకు మీద పాము పాకినట్టు తెల్లగీతలుంటే పాముపొడ, ఆ ఆకు తుంచితే చాలు. ఆకు జల్లెడలా గీకేసి ఈనెలు మిగిలితే ఎపిలాక్నా పెంకుపురుగు. అక్షింతల పురుగులాగే ఉంటుంది, కానీ మెరవదు, సన్నని నూగుతో మందకొడిగా ఉంటుంది, ఇరవై ఎనిమిది చుక్కలుండే రకం ఎక్కువ. చేత్తో ఏరి సబ్బునీళ్లలో వేయండి. తళతళ మెరిసే అక్షింతల పురుగుని చంపొద్దు, అది పేనుబంకను తింటుంది. ఆకు కొసన వి ఆకారంలో పసుపు, తర్వాత గోధుమ రంగు వస్తే పచ్చదోమ. ఫిబ్రవరిలో ఎండ ముదిరాక ఆకు పైన సూదిమొన చుక్కలు, అడుగున సాలెగూడు కనిపిస్తే ఎర్రనల్లి, నీళ్ల ధారతో ఆకు అడుగు కడిగితే సగం పోతుంది.

అంగడి పొడి, సీసా గురించి నా మాట ఇది: మచ్చకు ఒకటి, ముడతకు ఒకటి అని కలిపి కొట్టడం వల్ల ఏది పనిచేసిందో మీకూ తెలియదు, అమ్మినవాళ్లకూ తెలియదు. పేరు చదవండి, ఏ జబ్బుకో నిర్ధారణ అయ్యాక ఒక్కటే కొట్టండి, కొట్టాక ఎన్ని రోజులు ఆగాలని చీటీ మీద రాసుంటే అన్ని రోజులు దాటాకే తవ్వండి. తేల్చుకోలేకపోతే ఆకు, కాడ, ఒక గడ్డ కవర్లో వేసుకుని ఎస్వీ వ్యవసాయ కళాశాల దగ్గరికి పోయి తెగుళ్ల విభాగంలో చూపించండి, ఊళ్లోనే ఉంది. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి తెలుగులోనూ మాట్లాడొచ్చు.

ఇక తినడం. మచ్చలు, నల్లి, వైరస్ ఏవీ మనుషులకు సోకవు, గట్టిగా ఉన్న గడ్డలు నిరభ్యంతరంగా తినొచ్చు. ఎండు తెగులు చెట్టు గడ్డలు, మెత్తబడ్డవి, వాసనొచ్చేవి వద్దు. పచ్చబారిన గడ్డలు కూడా వద్దు, సొలనిన్ అనే విషం ఉంటుంది. మట్టి పైకి తేలిన గడ్డలకు వెంటనే మట్టి ఎగదోయండి. తుంచిన ఆకుల్ని మేకలకో ఆవుకో వేయొద్దు, ఆకులోనూ అదే విషం.

ఎన్నాళ్లు ఆగాలి అంటే, రాత్రుళ్లు ఇరవై డిగ్రీలు దాటే కొద్దీ గడ్డ ఊరడం తగ్గిపోతుంది. తిరుపతిలో ఫిబ్రవరి మధ్య తర్వాత చెట్టు ఆకు పెంచుతుందే గానీ గడ్డ పెంచదు. కాబట్టి ఇప్పుడు ఆకును కొత్తగా మెరిపించాలని నత్రజని ఎరువు వేయొద్దు. నాటి ఎనభై, తొంభై రోజులు దాటాక కింది నుంచి పసుపుబారడం మొదలైతే అది తెగులు కాదు, చెట్టు పండుతోంది. అప్పుడు నీళ్లు ఆపండి, వారం పది రోజులయ్యాక ఒక బ్యాగు తవ్వి చూడండి. గడ్డ తొక్క బొటనవేలితో రుద్దినా ఊడకుండా ఉంటే అన్నీ తవ్వొచ్చు.

ఆ గడ్డల్లోంచి విత్తనానికి మాత్రం దాచుకోవద్దు. వచ్చే ఏడు వి.కోట వైపు రైతుల దగ్గర విత్తనపు గడ్డ దొరుకుతుందేమో కనుక్కోండి. సిమ్లాలోని కేంద్ర ఉర్లగడ్డ పరిశోధన సంస్థ వేడి ప్రాంతాల కోసం తెచ్చిన కుఫ్రీ సూర్య రకం దొరికితే అదే తీసుకోండి. పెద్ద వానలు వెనకబట్టాక నాటండి.